మెటలర్జీ చదివితే ఏటొస్తాది?

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు ఏ నెట్ సెంటర్‌లో చూసినా ఒకటే వరస. ముందు సీఎస్ఈ, దాని వెనకే ఏఐ, డేటా సైన్స్ అని తోకలు తగిలించిన సీఎస్ఈలు, తర్వాత ఈసీఈ, ట్రిపుల్ ఈ, మెకానికల్, సివిల్, ఆఖర్న ఎక్కడో "పోనీ ఇది కూడా పడేయండి" అన్నట్టు మెటలర్జీ, అంటే లోహాల చదువు. తీరా సీటు అందులోనే వస్తే ఇంట్లో మొదటి మాట: "అదేటి, చదివితే ఏటొస్తాది?"

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే ఊళ్లో దీనికి దొరికే జవాబులు రెండే. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం అనేది ఒకటి, ఏమీ రాదు చివరికి సాఫ్ట్‌వేర్‌కే పోవాలి అనేది రెండోది. రెండింట్లోనూ కొంత నిజముంది, రెండూ అసలు సంగతిని దాటేస్తాయి. ఈ బ్రాంచిలో చేరినవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఉద్యోగాల దాకా రాకముందే, రెండో ఏడాదిలో, తాము చదువుతున్నదేంటో తెలియకుండా గ్రాఫులు బట్టీ పట్టే దగ్గర. అక్కడ పట్టు దొరికితే ఆ తర్వాత దారులు కనిపిస్తాయి. దొరక్కపోతే నాలుగేళ్లూ టెన్షనే.

విచిత్రమేంటంటే ఈ చదువుతో విజయనగరానికి ఉన్నంత చుట్టరికం రాష్ట్రంలో చాలా జిల్లాలకి లేదు. గరివిడి, చీపురుపల్లి, గర్భాం వైపు మాంగనీసు తవ్వకాలు 1890ల తొలినాళ్లలోనే మొదలయ్యాయి, దేశంలో మాంగనీసు గనుల కథ ఇక్కడి నుంచే చెబుతారు. అక్కడి కోడూరు గనిలో దొరికే ఒక రకం రాతికి లూయిస్ ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరే కలిపి కోడురైట్ అని పెట్టాడు, ఇప్పటికీ అదే పేరు. గరివిడి పక్కన శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ (ఇనుముకి మాంగనీసో క్రోమియమో కలిపిన మిశ్రమ లోహాలు) ఫ్యాక్టరీ, కొత్తవలసలో ఫెర్రో క్రోమ్, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో మరికొన్ని ఫెర్రో యూనిట్లు. విజయనగరం జేఎన్టీయూ క్యాంపస్‌లోనే, అంటే 2022 నుంచి జేఎన్టీయూ గురజాడ అంటున్నచోట, బీటెక్ మెటలర్జీ ఉంది. పక్కనే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఉంది. అయినా గరివిడి మీదుగా రోజూ రైల్లో కాలేజీకి వెళ్లే కుర్రాడికి ఆ కొలుముల్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు ఉండరు.

సరే, లోపల ఏముంది? సబ్జెక్టు పేరు మెటలర్జీ అయినా, మెటీరియల్స్ ఇంజనీరింగ్ అయినా, నడిచేది ఒక ఆలోచన చుట్టూనే. వస్తువును ఎలా తయారుచేశారో దాన్నిబట్టి లోపలి అమరిక ఏర్పడుతుంది, ఆ అమరికను బట్టి దాని గుణం ఉంటుంది. ఇలా ఒక్క ముక్కలో చెబితే ఏమీ ఎక్కదు కాబట్టి ఒక ఉదాహరణ. కమ్మరి కత్తిని కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు, చుయ్‌మని గట్టిపడుతుంది, పల్లెలో పెరిగిన ఎవరికైనా ఇది తెలిసిందే. ఇప్పుడు కంచు తీసుకోండి. సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉండే కంచును ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారనిస్తే పెళుసుబారుతుంది, గట్టిగా కొడితే పగులుతుంది. ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచితే మాత్రం దెబ్బకి ఓర్చుకుంటుంది. ఉక్కుకి సరిగ్గా తలకిందులు.

ఎందుకలా? ఉక్కు 727 డిగ్రీలు దాటి బాగా వేడెక్కినప్పుడు కార్బన్ ఇనుములో కరిగిపోయి ఉంటుంది. నిదానంగా చల్లారితే ఆ కార్బన్ బయటికొచ్చి సన్నని పొరలు పొరలుగా విడిగా సర్దుకుంటుంది, దాన్నే పెర్లైట్ అంటారు. నీళ్లలో ముంచితే సర్దుకునే టైం దొరకదు, కార్బన్ ఎక్కడిదక్కడ ఇరుక్కుపోతుంది, ఇనుము పరమాణువుల అమరిక మొత్తం ఒత్తిడికి లోనై గట్టిగా, పెళుసుగా తయారవుతుంది. ఇది మార్టెన్‌సైట్. అందుకే ముంచిన కత్తిని మళ్లీ కాస్త వేడిచేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. కంచులో కథ వేరు. ఎర్రటి వేడి మీద ఉండే బీటా అనే అమరిక, మెల్లగా చల్లార్చితే 586 డిగ్రీల దగ్గర విడిపోవడం మొదలై, 520 దగ్గరికి వచ్చేసరికి డెల్టా అనే పెళుసు పదార్థాన్ని పుట్టిస్తుంది. నీళ్లు ఆ విడిపోవడాన్ని ఆపేస్తాయి. రెండు చోట్లా నీళ్లు చేసిన పని ఒకటే, పరమాణువులకి టైం ఇవ్వకపోవడం. ఆ టైం దొరక్కపోవడమే ఉక్కును పెళుసు చేసింది, కంచును పెళుసుదనం నుంచి తప్పించింది. ఇది నిజంగా అర్థమైనవాడికి ఫిజికల్ మెటలర్జీ పేపర్లో సగం అర్థమైనట్టే, మిగతా సగం సెమిస్టర్ పరీక్షల గొడవ.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టే ఏ పనివాడినైనా అడగండి, కొట్టేకొద్దీ అది మొండికేస్తుందని, ఇంకా కొడితే బీటలిస్తుందని, అందుకే మధ్యలో నిప్పుల్లో పెట్టి మెత్తబరచి మళ్లీ కొట్టాలని చెబుతాడు. బీటెక్ రెండో ఏడాది పుస్తకంలో ఇదే వర్క్ హార్డెనింగ్, ఎనీలింగ్ అనే పేర్లతో వస్తుంది. కొట్టినప్పుడు స్ఫటికాల్లోని డిస్‌లొకేషన్లు అనే లోపాలు పెరిగి ఒకదానికొకటి అడ్డం పడతాయి, వేడి చేస్తే ఒత్తిడి లేని కొత్త స్ఫటికాలు పుట్టుకొస్తాయి. దీనికి ఒక తోక కథ కూడా ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడి వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా గుల్లలు ఎవరూ ముట్టుకోకుండానే చీలిపోయేవి. సాగదీసి చేసిన గుల్లలో మిగిలిపోయిన ఒత్తిడి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, మూడూ కలిసి చేసిన పని అది. తక్కువ వేడిలో కాసేపు ఉంచి ఆ ఒత్తిడి తీసేస్తే సమస్య పోయింది. ఉద్యోగంలో మెటలర్జీ ఇంజనీరు చేసే పని చాలావరకు ఇలాంటి ఆరా తీయడమే. విరిగిన ముక్క ముందు కూచుని, నిన్ను ఎలా చేశారు, ఎక్కడ ఉంచారు అని అడగడం.

మళ్లీ మాంగనీసు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన జిల్లా ఖనిజం ఎక్కడికి పోతుందో చూస్తే చదువులో మిగతా సగం, అంటే లోహాన్ని రాయి నుంచి తీసే సగం కూడా అర్థమవుతుంది. ఉక్కులో ఎంతోకొంత గంధకం మిగిలిపోతుంది. అది ఇనుముతో కలిసి 988 డిగ్రీలకే కరిగే మిశ్రమంగా మారి స్ఫటికాల అంచుల్లో చేరుతుంది. ఉక్కును రోలింగ్ చేసేది వెయ్యి డిగ్రీల పైన. అంచులు కరిగిన దిమ్మెను రోలర్ల మధ్య నొక్కితే ముక్కలవక ఏమవుతుంది? మాంగనీసు వేస్తే గంధకం ఇనుముని వదిలి మాంగనీసుని పట్టుకుంటుంది, ఆ సమ్మేళనం అంత సులభంగా కరగదు. అందుకే దాదాపు ప్రతి ఉక్కులోనూ మాంగనీసు ఉంటుంది. ఇక 12, 13 శాతం దాకా వేస్తే? 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ చేసింది అదే. ఆ ఉక్కును కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడదు, పైగా సాగే గుణం వస్తుంది, కానీ దెబ్బలు తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతూ పోతుంది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగుల్లో వాడేది ఈ మాంగనీసు ఉక్కు పోతలే. చక్రాల దెబ్బే దానికి బలం.

మరి రాయి నుంచి మాంగనీసు తీయడానికి కరెంటు కొలిమే ఎందుకు? ఎల్లింగ్‌హామ్ గ్రాఫ్ అని ఒకటుంటుంది, ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది దాన్ని ఇష్టం లేని చుట్టంలా చూస్తారు. ఏ లోహం ఆక్సిజన్‌ని ఎంత గట్టిగా పట్టుకుందో, దాన్ని విడిపించడానికి కార్బన్‌కి ఎంత వేడి కావాలో అది చెబుతుంది. ఐరన్ ఆక్సైడ్ నుంచి ఇనుమును విడిపించడానికి కార్బన్‌కి 700 డిగ్రీలు దాటితే చాలు, మాంగనీసు ఆక్సైడ్‌కి 1400 దాకా పోవాలి. ఆ తేడా వల్లే కావాల్సొచ్చింది సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ ఫర్నేస్, అంటే ఎలక్ట్రోడ్లు ఖనిజం, కోకు మధ్య కూరుకుపోయి ఉండే కరెంటు కొలిమి. ఒక టన్ను ఫెర్రో మాంగనీసుకి కరెంటు యూనిట్లు వేలల్లో కాలతాయి. యూనిట్ రేటు పెరిగినప్పుడల్లా ఈ ఫ్యాక్టరీల్లో కొలుములు ఎందుకు ఆగిపోతాయో ఈ గ్రాఫ్ చూస్తే తెలుస్తుంది. థర్మోడైనమిక్స్ నోట్సుకీ గేటు బయట నిలబడ్డ కాంట్రాక్ట్ కార్మికుడికీ మధ్య అంత దూరమేమీ లేదు.

ఇప్పుడు నాలుగేళ్ల సంగతి. మొదటి ఏడాది అన్ని బ్రాంచిలకీ ఒకటే, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్, సి ప్రోగ్రామింగ్. రెండో ఏడాదిలో ఒక్కసారిగా స్ఫటికాల నిర్మాణం, ఫేజ్ డయాగ్రామ్‌లు (ఏ వేడిలో, ఏ పాళ్లలో ఏ అమరిక ఉంటుందో చూపే పటాలు), మెటలర్జికల్ థర్మోడైనమిక్స్, ఖనిజ శుద్ధి మీదపడతాయి. బ్యాక్‌లాగ్‌లు మొదలయ్యేది ఇక్కడే. ఐరన్ కార్బన్ డయాగ్రామ్‌ని పరీక్షకి ముందు రాత్రి బొమ్మలా బట్టీ కొట్టి, 0.77, 2.11, 4.3, 6.67 అని కార్బన్ శాతాల అంకెలు అప్పచెప్పి బయటపడతారు. అది మ్యాపు. మ్యాపుని బట్టీ పట్టే బదులు దాని మీద ఒకసారి నడవాలి. 0.4 శాతం కార్బన్ ఉక్కును 900 డిగ్రీల నుంచి కిందికి దించుతూ ఎక్కడ ఏం పుడుతుందో, ఏది ఎంత శాతం ఉంటుందో లీవర్ రూల్ అనే చిన్న సూత్రంతో లెక్కకట్టి చూడాలి. ఒక్క సాయంత్రం కూచుని పది రకాల ఉక్కులతో ఇలా చేస్తే ఆ డయాగ్రామ్ జన్మలో మరిచిపోరు.

మూడో ఏడాది ఐరన్ మేకింగ్, స్టీల్ మేకింగ్, హీట్ ట్రీట్‌మెంట్, మెకానికల్ టెస్టింగ్, తుప్పు, వెల్డింగ్, ఫౌండ్రీ. లెక్కల భయంతో ఈ బ్రాంచికి వచ్చినవాళ్లకి ఇక్కడ చిన్న షాక్ తగులుతుంది. గేరు పళ్లకి పైపొరలో కార్బన్ ఎక్కించడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కగట్టే ఫిక్ సూత్రం, సిలికాన్‌లోకి బోరాన్ ఎక్కించే లెక్కలోనూ అదే, ఎర్రర్ ఫంక్షన్‌తో సహా. చిప్ ఫ్యాక్టరీల్లో మెటీరియల్స్ వాళ్లకి చోటు దొరకడానికి ఇదొక కారణం. ఇందులో లెక్కలుండవు, థియరీయే అని సీనియర్లు చెప్పే మాట నమ్మొద్దు.

అసలు చదువు ల్యాబ్‌లో. ఉక్కు ముక్కను బేకలైట్‌లో అమర్చి, 220 నంబరు గరుకు నుంచి మొదలెట్టి 1000 నంబరు నునుపు దాకా ఎమరీ పేపర్ల మీద రుద్దాలి. కాగితం మారినప్పుడల్లా ముక్కను అడ్డంగా తిప్పాలి, పాత గీతలు పూర్తిగా పోయి కొత్తవి మాత్రమే మిగిలేదాకా ఆగాలి. తర్వాత తిరిగే వెల్వెట్ గుడ్డ మీద అల్యూమినా నీళ్లతో అద్దంలా చేయాలి. ఓపిక లేనివాడు మధ్యలో ఒక కాగితం ఎగ్గొడతాడు, మైక్రోస్కోప్ కింద ఆ గీతే కనిపించి పట్టిస్తుంది. చివర్లో 2 శాతం నైటాల్, అంటే ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్, కొన్ని సెకన్లు. అద్దం మసకబారుతుంది, అప్పుడు లెన్స్ కింద తెల్లటి ఫెరైట్ (దాదాపు కార్బన్ లేని ఇనుము) గింజలు, వాటి మధ్య నల్లగా పెర్లైట్ బయటపడతాయి. టీఎంటీ కడ్డీని అడ్డంగా కోసి ఇలాగే చేస్తే మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు, చుట్టూ ఒక ముదురు వలయం, మధ్యలో లేత రంగు కంటికే కనిపిస్తాయి. రోలింగ్ నుంచి ఎర్రగా వచ్చిన కడ్డీ మీద నీళ్లు కొట్టినప్పుడు పైన పుట్టిన మార్టెన్‌సైట్ ఆ వలయం, లోపలి వేడే బయటికొచ్చి దాని పెళుసుదనం తగ్గిస్తుంది. షాపులో 500డి అని అడిగే మేస్త్రీకి 500 అంటే బలమని తెలుసు, డి అంటే విరిగేముందు ఇంకాస్త సాగుతుందని, కనీసం 16 శాతమని ఈ విద్యార్థికి తెలియాలి. శ్రీకాకుళానికి 190 కిలోమీటర్లకి పైగా సముద్రతీరం ఉంది. ఉప్పు గాలికి కాంక్రీటులోపలికి చేరే క్లోరైడ్లు కడ్డీ మీది రక్షణ పొరని చెడగొట్టి, తుప్పు ఉబ్బి, స్లాబు పెచ్చులూడటం భావనపాడు వైపు ఏ పాత ఇంట్లోనైనా చూడొచ్చు. తుప్పు పేపర్‌కి అంతకన్నా మంచి ప్రాజెక్టు వెతకాల్సిన పనిలేదు.

లోహాలు కానివీ సిలబస్‌లో ఉంటాయి, సెరామిక్స్, పాలిమర్లు, కాంపోజిట్లు. చాలా కాలేజీల్లో వీటిని చివరి ఏడాది ఎలెక్టివ్‌లుగా తోసేస్తారు, అది పొరపాటని చెప్పాలి. నెల్లిమర్ల, విజయనగరం జూట్ మిల్లుల జిల్లాలో జనపనార కాంపోజిట్ మీద ప్రాజెక్టు చేసేవాళ్లు కొంతమందైనా ఉండొద్దా? కళింగపట్నం నుంచి భావనపాడు దాకా తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్ ఉన్నాయి. ఇల్మనైట్ నుంచి టైటానియం వస్తుంది, జిర్కాన్ నుంచి వచ్చే జిర్కోనియంతో హైదరాబాద్ అణు ఇంధన సముదాయంలో రియాక్టర్ గొట్టాలు చేస్తారు. ఆ ఇసుకలోనే థోరియం ఉండే మోనజైట్ కూడా ఉండటంతో అణు ఖనిజాల నిబంధనలు వర్తిస్తాయి, తవ్వకం చుట్టూ ఊళ్ల అభ్యంతరాలూ ఉన్నాయి. అది వేరే వ్యాసం.

ఇక అందరూ ఎదురుచూసే మాట, ఉద్యోగం. ఇక్కడి క్యాంపస్‌లకి వచ్చే కంపెనీల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలే, వాటికి బ్రాంచి పట్టదు, కోడింగ్ వస్తే తీసుకుంటాయి. మెటలర్జీ బ్యాచ్‌లో పెద్ద వాటా అటే పోతుంది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సొంత రంగంలోకి పెద్ద తలుపు గేట్ పరీక్ష, పేపర్ కోడ్ ఎంటీ. కంప్యూటర్ సైన్స్‌తో పోలిస్తే రాసేవాళ్లు చాలా తక్కువ, పోస్టులూ తక్కువే. సెయిల్, నాల్కో, మిధాని లాంటి ప్రభుత్వ సంస్థలు ఏ ఏడాది ఎన్ని వేస్తాయో, అసలు వేస్తాయో లేదో ముందుగా తెలియదు. విశాఖ ఉక్కు మీదే ఆశ పెట్టుకుని చేరడం మాత్రం తెలివైన పని కాదు. 2021 జనవరిలో కేంద్రం వాటాలన్నీ అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, మధ్యలో ఉద్యమం. అలాంటి చోట రిక్రూట్‌మెంట్ ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. ప్రైవేటులో స్టీల్ కంపెనీలు, ఫౌండ్రీలు, ఆటో విడిభాగాల ఫ్యాక్టరీలు, టెస్టింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి ముందు చిన్నబోతుంది, రాత్రి షిఫ్టులు తప్పవు, ఆడపిల్లల ఇళ్లల్లో ఈ షిఫ్టుల మాటకే వద్దంటారు, ల్యాబ్, క్వాలిటీ, సిమ్యులేషన్ పనులు కూడా ఇందులోనే ఉన్నాయని తెలియక. ఎంటెక్ లేదా పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక ఉంటే పరిస్థితి బాగా మారుతుంది. హైదరాబాద్‌లో డీఎంఆర్ఎల్, ఏఆర్‌సీఐ, కల్పాక్కంలో ఐజీకార్ లాంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. బయటి దేశాల్లో మెటీరియల్స్ పీహెచ్‌డీకి స్టైపెండ్ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, ఎంఎస్ కోసం పొలం తాకట్టు పెట్టే ముందు ఈ తేడా తెలుసుకోవడం మంచిది.

కాబట్టి తీసుకోవాలా? ఇంటర్ కెమిస్ట్రీలో ఎంట్రోపీ, గిబ్స్ ఎనర్జీ పాఠం చదువుతుంటే విసుగు పుట్టినవాళ్లు, కేవలం కాలేజీ పేరు కోసం ఈ సీటు తీసుకోకపోవడమే నయం. వేరే కాలేజీలో ఇష్టమైన బ్రాంచి దొరికితే అటే పోవచ్చు. ఆ పాఠం నచ్చినవాళ్లు, వస్తువు ఎందుకు విరిగిందో తెలుసుకోవాలనే దురద ఉన్నవాళ్లు ధైర్యంగా చేరొచ్చు, కానీ మూడో ఏడాది మొదట్లోనే గేటా, కోడింగా, పై చదువా అని తేల్చుకోవాలి, మూడూ కలిపి లాగితే మూడూ చెడతాయి. చేరేముందు ప్లేస్‌మెంట్ బ్రోషర్ పక్కన పెట్టి డిపార్ట్‌మెంట్ ల్యాబ్ ఒకసారి చూసి రండి. పాలిషింగ్ వీల్ తిరుగుతోందా, ఎన్ని మైక్రోస్కోప్‌లు పనిచేస్తున్నాయి, ఫర్నేస్ ఆఖరిసారి ఎప్పుడు వెలిగించారు, ఈ మూడూ అక్కడున్న సీనియర్లని అడగండి. రిపోర్టింగ్‌కి వెళ్లిన రోజే అడగొచ్చు, ఎవరూ కాదనరు.